ఎడమవైపు ఖాళీ

మన ఇళ్ళల్లో ఇంటి దస్తావేజులు ఇనప్పెట్టెలో ఉంటాయి. పిల్లల మార్కుల జాబితాలు ప్లాస్టిక్ కవర్లలో భద్రంగా ఉంటాయి. నగల రసీదులు బీరువా లాకర్లో చీరల కింద ఉంటాయి. ఆసుపత్రి కాగితాలు మాత్రం మందుల షాపు వాళ్ళిచ్చిన సంచీలో చుట్టచుట్టుకుని అటకెక్కుతాయి. కుట్లు విప్పేశారు, మనిషి లేచి తిరుగుతోంది, ఇంక వీటితో పనేమిటి అనుకుంటాం. అలాంటి ఒక కాగితంలోని ఒకే ఒక్క వాక్యం మా ఇంట్లో ఏడేళ్ళపాటు ఎన్ని పనులు చేసిందో చెబుదామని ఇది రాస్తున్నాను. మా అమ్మాయి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు వద్దంది కనుక పేర్లు రాయడం లేదు.

మాది బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మద్రాసులో ఉన్న గంజాం ఇటు వచ్చింది. మా మామగారి నాన్నగారు ఉన్న ఇంట్లోంచి కదల్లేదు, రాష్ట్రమే ఆయన ఇంటి మీదుగా మారిందని మా మామగారు నవ్వుతూ చెప్పేవారు. అప్పటినుంచీ మాకు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కాగితాల్లో ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య ఒక మాట ఎలా తప్పిపోతుందో 2017 ఆగస్టులో తెలిసొచ్చింది.

అప్పటికి మా అమ్మాయికి 22 ఏళ్ళు. ఒక రాత్రి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. తెల్లారేసరికి అది కుడివైపు కిందికి దిగింది. వాంతులు, కొద్దిగా జ్వరం. ఆసుపత్రికి తీసుకువెళితే సర్జన్ గారు చెయ్యి పెట్టి చూసి, స్కానింగు చేయించి, అపెండిసైటిస్ అన్నారు. ఆ రోజే కెమెరా పెట్టి ఆపరేషను చేశారు. గంటన్నర తర్వాత బయటికి వచ్చి, అపెండిక్స్ తీసేశామని, అమ్మాయి బాగుందని చెప్పారు. మేం దణ్ణం పెట్టబోతుంటే, "ఇంకొక విషయం ఉంది" అన్నారు.

కడుపులో కెమెరా ఎలాగూ ఉంది కనుక, వయసులో ఉన్న ఆడపిల్ల కనుక, పొత్తికడుపంతా ఒకసారి కలియజూశారట. కుడివైపు అండాశయం, దాని నాళం చక్కగా ఉన్నాయి. గర్భాశయం పూర్తిగా ఉంది. ఎడమవైపు మాత్రం నాళం మొదట్లో చిన్న ముక్కలా ఉండి ఆగిపోయింది. దాని పక్కన ఉండవలసిన అండాశయం లేదు. ఆయన ఒడియాలో 'డింబాశయ' అన్నారు. డింబాశయం ఎడమవైపు దొరకలేదు అన్నారు.

మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని, "ఏటమ్మా, ఏటి దొరకలేదంట?" అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. అండాశయం అనే మాట నేను స్కూలు పుస్తకంలో చదివాను తప్ప మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. మా అమ్మ వాడలేదు, మా అత్తగారు వాడలేదు. ఆడవాళ్ళ కడుపులో ఉండేదానికంతటికీ మాకున్నది ఒకటే మాట, గర్భసంచి. నేను తడుముకుంటూ ఏదో చెప్పేలోగా ఆవిడ, "గర్భసంచి ఉందా లేదా, అదొక్కటి చెప్పమను" అన్నారు. ఉంది అని నేను చెప్పాను. కానీ 'లేదు' అన్న మాట అప్పటికే ఆవిడ చెవిలో పడిపోయింది. సాయంత్రానికి ఫోనులో ఇచ్ఛాపురం చేరింది, మర్నాటికి పలాస వెళ్ళింది. పలాసలో అది "పిల్లకి గర్భసంచి లేదట"గా మారిపోయింది.

అందుకని ముందుగా అండాశయం అంటే ఏమిటో తెలుసుకున్నంతవరకు చెబుతాను. గర్భాశయానికి అటొకటి ఇటొకటి, బాదంకాయంత ఉండే రెండు చిన్న అవయవాలు. నెలనెలా అండం వదిలేవి అవే. ఆడతనానికి కావలసిన హార్మోన్లు తయారుచేసేవీ అవే. ఆడపిల్ల పుట్టేనాటికే వాటిలో పది, ఇరవై లక్షల అండకణాలు ఉంటాయట. రజస్వల అయ్యేనాటికి ఇవి మూడు, నాలుగు లక్షలకు తగ్గుతాయి. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి మాత్రం ఇంచుమించు 400. లక్షల్లో పెట్టుబడి, వందల్లో ఖర్చు. ఒక వైపే ఉన్నా సరుకు చాలడానికి కారణం ఇదేనని స్త్రీల డాక్టరు గారు మాకు తర్వాత వివరించారు. ఒకటే ఉంటే అది దాదాపు ప్రతినెలా పనిచేస్తుంది. బహిష్టులు మామూలుగానే వస్తాయి. మా అమ్మాయికి పదమూడో ఏట నుంచీ నెల తప్పలేదు. ఆపరేషను జరక్కపోతే ఎడమవైపు ఖాళీ అని ఆ పిల్లకి గానీ మాకు గానీ ఎప్పటికీ తెలిసేది కాదు.

మనుషులకి ఈ అవయవం సంగతి తెలియడమే చాలా ఆలస్యంగా తెలిసింది. హాలండుకు చెందిన డి గ్రాఫ్ అనే వైద్యుడు అండాశయాన్ని నిశితంగా పరిశీలించి పుస్తకం రాసింది 1672లో. అందులోని అసలు అండాన్ని ఫాన్ బేర్ అనే శాస్త్రజ్ఞుడు కుక్క అండాశయంలో కళ్ళారా చూసింది 1827లో. ఈలోగా 1809 డిసెంబరులో, అమెరికాలోని కెంటకీలో, ఎఫ్రైమ్ మెక్‌డవెల్ అనే డాక్టరు జేన్ క్రాఫర్డ్ అనే ఆవిడ కడుపు కోసి, పది కిలోల అండాశయపు గడ్డను తీశాడు. అప్పటికి మత్తుమందు కనిపెట్టలేదు. ఆవిడ గుర్రం మీద అరవై మైళ్ళు వచ్చి ఆ ఆపరేషను చేయించుకుంది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా బతికింది. ఒక అండాశయం పోయినా మనిషి నిక్షేపంగా బతుకుతుందనడానికి అంతకంటే పాత సాక్ష్యం నాకు దొరకలేదు. కడుపు కోయకుండా కెమెరాతో అపెండిక్స్ తీయడం 1980లో జర్మనీలో మొదలైంది. మొదట చేసిన కుర్ట్ సెమ్ అనే ఆయన సర్జన్ కాదు, స్త్రీల వైద్యుడు. అపెండిక్స్ కోసం వెళ్ళిన కెమెరా పక్కనే ఉన్న అండాశయాల వైపు కూడా తిరగడం, ఆ లెక్కన, మొదటినుంచీ ఉన్న సంబంధమే.

ఇది ఎంతమందికి ఉంటుంది? 1986లో వచ్చిన ఒక వైద్య వ్యాసం 11,240 మంది స్త్రీలలో ఒకరికి ఇలా ఒక వైపు లేకపోవచ్చునని అంచనా కట్టింది. కడుపు తెరిచి చూస్తేగానీ తెలియని విషయం కనుక, ఇది అంచనాయే. ఏ ఇబ్బందీ లేకుండా పిల్లల్ని కని, మనవల్ని ఎత్తుకుని, తెలియకుండానే వెళ్ళిపోయిన మామ్మలు ఎందరున్నారో ఎవరు లెక్కపెట్టగలరు?

ఎందుకిలా జరుగుతుందంటే, డాక్టరు గారు మూడు దారులు చెప్పారు. తల్లి కడుపులో బిడ్డ రూపు కట్టుకునేటప్పుడే ఆ వైపు భాగం తయారు కాకపోవడం ఒకటి. తయారవుతుండగా రక్తం అందక ఎండిపోవడం రెండోది. మూడోది, చక్కగా తయారైన అండాశయం ఎప్పుడో మెలిపడిపోయి, రక్తం ఆగి, చిన్నగా కుంచించుకుని, శరీరంలోనే కలిసిపోవడం. ఈ మెలి తల్లి గర్భంలోనూ పడవచ్చు, చిన్నతనంలోనూ పడవచ్చు. "చిన్నప్పుడు ఎప్పుడైనా గట్టిగా కడుపునొప్పి వచ్చిందా?" అని ఆవిడ అడిగారు. ఆరో ఏట రెండు రోజులు నొప్పి, వాంతులు వచ్చి తగ్గిపోయిన సంగతి మా వారికి గుర్తుంది. అదే ఇదని ఎవరూ చెప్పలేరు, చిన్నపిల్లల కడుపునొప్పికి సవాలక్ష కారణాలు అన్నారావిడ.

అక్కడితో ఆగకుండా ఆవిడ ఇంకొక స్కానింగు రాశారు. కిడ్నీలు చూడటానికి. అండాశయానికీ కిడ్నీకీ ఏమిటి సంబంధం అని మేం తెల్లబోయాం. గర్భంలో బిడ్డకి గర్భాశయమూ, నాళాలూ తయారయ్యే చోటూ కిడ్నీలు తయారయ్యే చోటూ ఇరుగుపొరుగులట. పుట్టుకతోనే ఒక వైపు నాళం, గర్భాశయంలో సగం లేనివాళ్ళలో కొందరికి ఆ వైపు కిడ్నీ కూడా ఉండదు. ఒకే కిడ్నీ ఉన్న మనిషికి ఆ సంగతి తెలిసి ఉండటం ఎంతో ముఖ్యం. ఇంకొకటి, అండాశయం మొదట పైన కిడ్నీ దగ్గర పుట్టి తర్వాత కిందికి దిగుతుంది. కొందరిలో అది దిగకుండా పైనే ఉండిపోతుంది. అప్పుడు అది 'లేనట్టు' కనబడుతుంది గానీ ఉంటుంది. అందుకని పైదాకా వెతకాలి. మా అమ్మాయికి కిడ్నీలు రెండూ ఉన్నాయి. పైన ఎక్కడా అండాశయం కనబడలేదు. గర్భాశయం నిండుగా ఉంది. కనుక బహుశా మెలిపడటమే కారణం కావచ్చునని రాసి సంతకం పెట్టారు.

ఇంతవరకూ వైద్యం. అసలు కష్టం దీని తర్వాత మొదలైంది.

అమ్మాయికి అప్పటికే విజయనగరం వైపు సంబంధం ఒకటి మాటల్లో ఉంది. దసరా వెళ్ళాక తాంబూలాలు పుచ్చుకుందాం అనుకున్నాం. మనలా బయటి రాష్ట్రాల్లో ఉండే తెలుగువాళ్ళకి సంబంధాలు దొరకడం ఎంత పనో చదువుతున్న మీకు చెప్పనక్కర్లేదు. అక్కడివాళ్ళకి మనం 'ఒరిస్సా వాళ్ళం', ఇక్కడివాళ్ళకి 'తెలుగువాళ్ళం'. ఉన్న నాలుగు కుటుంబాలకీ ఒకరి సంగతి ఒకరికి తెలుస్తుంది. చెప్పాలా, మానాలా?

మా అత్తగారు ససేమిరా అన్నారు. "నెలనెలా బయట ఉంటోంది, సంచి ఉందంటున్నారు, ఇంక చెప్పడానికేముంది? లేనిదాన్ని గురించి ఊరంతా టముకు వేస్తారా?" అన్నారు. ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు. అబ్బాయి వైపు నుంచి ఎవరూ ఏ స్కానింగు కాగితమూ పంపలేదు, మేమూ అడగలేదు. ఆ లెక్కలన్నీ ఆడపిల్లకే ఎందుకు? మా వారు మాత్రం చెప్పి తీరాలన్నారు. రేపు తెలిస్తే దాచి పెళ్ళి చేశారన్న మాట పిల్ల మీద పడుతుందని ఆయన భయం. వారం రోజులు ఇంట్లో తల్లీకొడుకుల మధ్య సరిగా మాటల్లేవు.

చివరికి అమ్మాయే మధ్య గదిలోకి వచ్చి నిలబడింది. "ఇది నా కడుపులో సంగతి. చెప్పాలో వద్దో నేను చూసుకుంటాను, చెప్పేది కూడా నేనే" అంది. డాక్టరు గారి కాగితం ఫొటో తీసి అబ్బాయికి పంపింది, ఫోనులో తనే వివరించింది. అతను శ్రద్ధగానే విన్నాడట. పది రోజులకి వాళ్ళ పెద్దమ్మగారు ఫోను చేసి, జాతకాలు మళ్ళీ చూపించామని, కుదరడం లేదని చెప్పారు. రెండు నెలల క్రితం అవే జాతకాలు బ్రహ్మాండంగా కుదిరాయి.

"చెప్పొద్దన్నానా?" అన్నారు మా అత్తగారు.

"ఇప్పుడు పోయింది సంబంధమే కదా మామ్మా. దాచిపెడితే రేపు పోయేది కాపురం" అంది అమ్మాయి. ఆ రాత్రి అది అన్నం తినలేదు. ఆ సంగతి కూడా రాయాలి. ధైర్యంగా మాట్లాడిన పిల్లలకి బాధ ఉండదని అనుకోకూడదు.

ఆ తర్వాత మూడేళ్ళలో ఇంకో రెండు సంబంధాలు వచ్చాయి. రెండూ ఈ కాగితం దగ్గరే ఆగాయి. నాలుగోది రాయగడ నుంచి. అబ్బాయి భువనేశ్వర్‌లో ఉద్యోగం. వాళ్ళమ్మగారు ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. అమ్మాయి యథాప్రకారం కాగితం ముందు పెట్టింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివి, "కిడ్నీలు రెండూ ఉన్నాయా అమ్మా? చూపించారా?" అని అడిగారు. ఉన్నాయని రిపోర్టు తీసి చూపించింది. "గర్భాశయం పూర్తిగా ఉందని రాశారా?" అన్నారు. అదీ చూపించింది. "సరే, కాఫీ చల్లారిపోతోంది" అని గ్లాసు అందుకున్నారు. ఎవరైనా ఈ విషయంలో సరైన ప్రశ్న అడగడం మేం వినడం అదే మొదటిసారి. మా అత్తగారు లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నారు. 2021 ఫిబ్రవరిలో పెళ్ళయింది.

మొదటి రెండేళ్ళూ పిల్లలు కలగలేదు. మా వైపు చుట్టాలు "మరి ఒక్కటే కదా" అన్నారు. డాక్టరు గారు ఇద్దర్నీ పరీక్షించి, కంగారు పడొద్దని, రెండూ ఉన్నవాళ్ళకి కూడా ఆలస్యమవుతుందని చెప్పి పంపారు. 2024లో ఆడపిల్ల పుట్టింది. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉండటంవల్ల సిజేరియన్ చేయాల్సి వచ్చింది. ఆపరేషనుకు ముందు అమ్మాయి తన ఫైలు డాక్టరు చేతికిచ్చింది. బిడ్డని తీశాక ఆవిడ ఎడమవైపు చూసి, 2017లో రాసినట్టే ఉందని నిర్ధారించి, కొత్త కాగితంలో మళ్ళీ రాశారు. అక్కడ ఎవరూ ఆశ్చర్యపోలేదు, ఎవరూ వెతుక్కోలేదు, బయట కూర్చున్న మేమూ గుండెలు పట్టుకోలేదు.

మనవరాలు పుట్టింది కాబట్టి అంతా శుభమని తేల్చడానికి ఇది రాయలేదు. పిల్లలు కలగకపోయినా ఆ కాగితం చూపించి చెప్పడం సరైన పనే అయి ఉండేది. నా కూతురి విలువ ఎడమవైపు ఏముందన్న దానిమీద గానీ, కుడివైపు ఏం కాసిందన్న దానిమీద గానీ ఆధారపడి లేదు. ఈ మాట అత్తగారు బతికుండగా ఆవిడతోనూ అన్నాను. "నువ్వు చెప్పింది నిజమే గానీ, లోకం వినాలి కదమ్మా" అన్నారు. అదీ నిజమే.

ఇలా ఒకదాని కోసం వెళితే ఇంకొకటి బయటపడటం కొత్తేమీ కాదు. కొందరికి మామూలు రెండూ కాక మూడో అండాశయం కూడా ఉంటుంది. ఇది మరీ అరుదు. వార్టన్ అనే అమెరికా డాక్టరు 1959లో అలాంటివాటిని పోగుచేసి, ఉన్నదానికి ఆనుకుని ఉండేవి, విడిగా ఉండేవి అని రెండు రకాలుగా విడదీశాడు. అంత అరుదు కానిది డెర్మాయిడ్ గడ్డ. అండాశయంలో పెరిగే ఆ గడ్డలో వెంట్రుకలు, కొవ్వు, ఒక్కోసారి పళ్ళు కూడా కనిపిస్తాయి. మన పల్లెల్లో దీన్ని చేతబడి అనుకుని భూతవైద్యుల చుట్టూ తిరిగినవాళ్ళున్నారు. శరీరంలోని ఏ భాగంగానైనా మారగల శక్తి ఉన్న అండకణం దారితప్పి పెరగడమే దానికి కారణం. సాధారణంగా అది క్యాన్సరు కాదు, తీసేస్తే సరిపోతుంది.

ఇంట్లో ఆడపిల్లలున్న తల్లులకి నాలుగు మాటలు. ఏ ఆపరేషను అయినా, డిశ్చార్జి కాగితంతోపాటు ఆపరేషనులో ఏం చూశారో రాసిన కాగితం కూడా అడిగి తీసుకోండి. ఒక వైపు అండాశయం లేదంటే కిడ్నీల స్కానింగు గురించి అడగండి. ఒకే అండాశయం ఉన్న పిల్లకి పొత్తికడుపులో ఒక పక్క హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తే వాము నీళ్ళు తాగించి తెల్లారేదాకా ఆగకండి. ఉన్న ఒక్కటీ మెలిపడితే దాన్ని కాపాడుకోవడానికి గంటలే లెక్క. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా మొదటే ఆ సంగతి చెప్పమని పిల్లకి నేర్పండి. అలాంటివారికి ముట్లుడగడం సుమారు ఏడాది ముందుగా రావచ్చునని కూడా అంటారు. అది తెలిసి ఉంటే ఆ వయసులో బెంగ ఉండదు.

చివరిగా ఒక కోరిక. ఇప్పుడు మా ఇంట్లో అండాశయం అన్న మాట ఉప్పూ పప్పూ అన్నంత మామూలుగా వినబడుతోంది. మా రెండో అమ్మాయి దాన్ని సిగ్గుపడకుండా పలుకుతుంది, మా వారూ పలుకుతారు. హోసూరులో, సోలాపూరులో, బళ్ళారిలో, యానాంలో ఉన్న మన కుటుంబాల్లో దీనికి పెద్దవాళ్ళు వాడే ఇంటి మాట ఏదైనా ఉంటే పత్రికకి రాయండి. ఉంటే మేమూ నేర్చుకుంటాం. లేకపోతే ఈ మాటనే మీ ఇంట్లోకి తీసుకువెళ్ళండి. దానికి పేరు తెలిస్తే, అది లేదన్నప్పుడు ఏది లేదో సరిగ్గా అర్థమవుతుంది. పలాస చేరేలోపు మాట మారిపోదు.